కూలికీ ఒక శాంపిల్ కోత

పలాసలో జీడిపప్పు కొనలేని వాళ్లు చాలామంది ఉన్నారు గానీ, జీడిపప్పు గురించి సలహా చెప్పని మనిషి ఒక్కడూ లేడు. ఆ సలహా చెప్పడానికే ముప్పై ఎనిమిదేళ్లు జీతం తీసుకున్నవాణ్ణి నేను.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను. తర్వాత తప్పులు వెతుక్కుని మీరు అలసిపోనక్కర్లేదు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను క్లాసు బయట నిలబెట్టారు. ఎంతసేపు నిలబడాలో చెప్పలేదు. విసుగొచ్చి నడక మొదలుపెట్టాను. మా ఉద్దానం తోటలు దాటాను, రైలు గేటు దాటాను, కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగాను. మాస్టారు లోపలికి రమ్మని ఇంతవరకూ కబురు పంపలేదు.

కొత్తగా ఫ్యాక్టరీల్లో చేరుతున్న వాళ్లు కొందరు ఈ మధ్య నన్ను పట్టుకుని "మావా, శాంపిల్ పనంటే ఏటి? కష్టమా?" అని అడుగుతున్నారు. నోటితో చెప్తే టీ చల్లారే లోపు మర్చిపోతారు. అందుకని రాస్తున్నాను. ఏ సంవత్సరం ఎంత జీతం పెరిగింది, ఎవరు శాలువా కప్పారు లాంటివి ఇందులో ఉండవు. జీతం పెరిగిన సంవత్సరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. శాలువా ఒక్కటే, అది మా ఆవిడ ఇస్త్రీ దుప్పటి చేసేసింది.

పని

లారీ వస్తుంది. అందులో గోనెసంచుల నిండా జీడిపిక్కలు. కొన్ని మన ఉద్దానం తోటలవి. కొన్ని ఓడల మీద ఆఫ్రికా దేశాల నుంచి విశాఖపట్నం రేవులో దిగి వచ్చినవి. పైకి చూస్తే అన్నీ ఒకటే. బూడిదరంగు తొక్క, చిన్నపిల్లల బొటనవేలంత సైజు. లోపల పప్పుందా, పుచ్చుందా, గాలుందా అన్నది పిక్కకి తప్ప ఎవరికీ తెలియదు. తెలుసుకోవడమే నా పని.

సంచి మూతి దగ్గర ఒక దోసెడు, మోచెయ్యి దాకా దింపి నడుము దగ్గర ఒక దోసెడు, సంచి పడుకోబెట్టి అడుగు నుంచి ఒక దోసెడు. అలా పది సంచుల్లోవి నేల మీద కుప్ప పోసి కలపాలి. కుప్పని నాలుగు భాగాలు చెయ్యాలి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసి పక్కన పడేసి, మిగిలిన రెండూ మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు చెయ్యాలి. ఇలా తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ కిలో మిగిలే దాకా రావాలి. ఆ కిలోలో ప్రతి పిక్కనీ కోయాలి. ఒక్కటి కూడా వదలకూడదు. కోసినవి ఆరు స్టీలు పళ్లేల్లో వేరు చేయాలి. పైతొక్క చిప్పలకి ఒకటి, ఖాళీవాటికి ఒకటి, పుచ్చువాటికి, వడిలినవాటికి, మచ్చలవాటికి ఒక్కొక్కటి. ఆఖరిది మంచి పప్పుకి. అప్పుడు ఆఖరి పళ్లెం తూకం వేయాలి. ఆ తూకం మీదే లారీ జాతకం. తూకం బాగుంటే లోడు దిగుతుంది. లేకపోతే "వెనక్కి" అంటాను. ఆ ఒక్క మాటకి పది టన్నుల బండి మూతి ముడుచుకుని గేటు బయటికి పోయేది. ఏడో తరగతి మానేసినవాడి మాటకి అంత విలువ ఇంకెక్కడుంటుంది చెప్పండి?

ఒకసారి ఒక బ్రోకరు మిఠాయి పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను శాంపిల్ కోస్తూ మిఠాయి తిన్నాను. తినడం అయ్యేసరికి కోయడం కూడా అయ్యింది. "ఎలా ఉంది అప్పన్నా?" అన్నాడు ఆశగా. "మిఠాయి బాగుందండి. పిక్కే బాగులేదు. వెనక్కి" అన్నాను. ఆయన తర్వాత ఎప్పుడూ ఏమీ తేలేదు. అది మాత్రం కొంచెం బాధే.

ఈ పనికి కట్టాల్సిన రుసుము ఒకటుంది, ముందే తెలుసుకోండి. జీడి తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా కొంత తింటుంది. నా వేళ్ల మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ మిషన్ మీద బొటనవేలు పెడితే అది నన్ను గుర్తుపట్టదు. నేను నేనే అని మా వీధివాళ్లు సాక్ష్యం చెప్పాలి. వాళ్లతో మంచిగా ఉండడం అప్పుడే నేర్చుకున్నాను.

షావుకారు ఇచ్చిన డబ్బా

మా షావుకారు మంచివాడా చెడ్డవాడా అని అడుగుతారు. పిక్క దగ్గర ధర్మరాజు. కూలి దగ్గర పిడికిలి విప్పేవాడు కాదు. రెండూ నిజమే, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని దాచను.

పనిలో చేరిన రెండో ఏడు ఒక లోడు వచ్చింది. సగం కిలో కోసేసరికి అన్నీ తెల్లటి, లావాటి పప్పులు. ఆగలేకపోయాను. "బంగారం బాబూ, దింపించీయండి!" అని కేకేశాను. షావుకారు వచ్చి చూసి, "మిగతా సగం ఎక్కడ?" అన్నాడు. కోశాను. అడుగు సంచుల పిక్కలన్నీ ఆ సగంలోనే ఉన్నట్టున్నాయి. సగానికి సగం పుచ్చు. ఆయన తిట్టలేదు. ఆ పుచ్చు పిక్కలన్నీ ఒక రేకు డబ్బాలో పోసి మూత పెట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇదిగో నీ బంగారం. దాచుకో. ఇకమీద కోయకుండా చెప్పకు, కోసింది దాచకు."

ఆ డబ్బా ముప్పై ఆరేళ్లు నా బల్ల మీదే ఉంది. ఆ మాట నాకు నేర్పిన మనిషి మీదే ఒక రోజు దాన్ని వాడాల్సి వస్తుందని అప్పుడు ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

పొట్టు హాలు

నా పని పదిహేనేళ్లు దాటాక పొట్టు తీసే హాలు కూడా నా మీద వేశారు. పిక్కని కోసి తీసిన పప్పు మీద ఎర్రటి పల్చటి పొట్టుంటుంది. ఆరబెట్టాక దాన్ని చిన్న కత్తితో, గోటితో తీసేయాలి. పప్పు విరగకూడదు. యాభై మంది ఆడవాళ్లు నేల మీద కూర్చుని తీసేవారు. కూలి కిలో లెక్కన. విరిగిన పప్పు ఎక్కువైతే కూలిలో కోత. యాభై మంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగవాడు మేస్త్రీ అంటే ఎవరు ఎవరిని అదుపులో పెట్టారో మీకు నేను చెప్పక్కర్లేదు.

వాళ్లందరికీ పెద్ద చిట్టెమ్మ. ఉద్దానంలో సముద్రం పక్క ఊరు. చూడకుండా పొట్టు తీస్తుంది. కళ్లు నా మీద, నోరు నా మీద, వేళ్లు మాత్రం పప్పు మీద.

"మావా, పొద్దున్నే మొకం అలా ఎట్టుకున్నావేటి? ఇంట్లో అత్త శాంపిల్ కోసి ఎనక్కి పంపీసినాదేటి?"

"లేదే చిట్టెమ్మా, దింపుకోక తప్పక దింపుకుంది."

ఆమె మొగుడు సముద్రంలో చేపల వేటకి వెళ్లేవాడు. మా ఉద్దానంలో చాలామందికి వచ్చిన జబ్బే అతనికీ వచ్చింది. కిడ్నీలు పోయాయి. వారానికి మూడు సార్లు పలాస వచ్చి ఆసుపత్రిలో మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. తెప్ప ఎక్కే మనిషి ఆటో ఎక్కడానికి ఆయాసపడే స్థితికొచ్చాడు. ఇల్లు నడిచేది చిట్టెమ్మ వేళ్ల మీదే. ఆ రోజుల్లో ఆమె తీసే పొట్టుకి కిలోకి ఎంత ఇచ్చేవారో, ఐదేళ్ల తర్వాతా దాదాపు అంతే. పప్పు ధర, నూనె ధర, ఆటో చార్జీ మాత్రం ఆమెని అడగకుండానే పెరుగుతూ పోయాయి.

మా ఫ్యాక్టరీలో కూలి రేటు మాట్లాడుకునే నెల ఫిబ్రవరి. నెల మొదట్లో ఢిల్లీలో బడ్జెట్. మార్చిలో ఉద్దానం తోటల్లో కొత్త పిక్క రాలడం మొదలవుతుంది. ఈ రెండింటి సందులో రేటు తేలాలి. జనవరిలో అడిగితే షావుకారు "బడ్జెట్ అవ్వనీ, చూద్దాం" అనేవాడు. బడ్జెట్ అయ్యాక "చూశారుగా, మనకేమీ రాలేదు" అనేవాడు. బయటి దేశాల పిక్క మీద సుంకం పెంచితే పిక్క ఖరీదైందనేవాడు. తగ్గిస్తే పోటీ పెరిగిందనేవాడు. ముట్టుకోకపోతే, మనల్ని పట్టించుకునే నాథుడే లేడనేవాడు. ఏ గాలి వీచినా మా కూలి మాత్రం ఒడ్డునే ఉండేది.

చిట్టెమ్మ ఒకసారి అన్న మాట హాల్లో చాలా ఏళ్లు తిరిగింది. "బడ్జెట్టు మనకి ఏటవుతాడో తెల్దు మావా. ఏటా మనింటికే వత్తాడు, మన కంచంలోదే తింతాడు, సెప్పకుండా ఎల్లిపోతాడు."

నేను కోయకుండా చెప్పిన ఫలితం

హాల్లో పేపరు చదవగలిగిన వాళ్లు తక్కువ. బడ్జెట్ మర్నాడు పేపరు పట్టుకుని నేను చదివి వినిపించడం అలవాటైంది. రెండు వాక్యాలు పేపరువి, మూడు వాక్యాలు నావి. నవ్వుకునేవారు.

ఆ ఏడు అడగడం గట్టిగా అడిగారు. అంతకుముందు సంక్రాంతి దాటాక ఐదుగురు మానేసి బయటి ఊళ్లకి పనికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కిలోకి రెండు రూపాయలు పెంచమన్నారు. బడ్జెట్ మర్నాడు పొద్దున్న షావుకారు నన్ను పిలిచాడు. పేపరు మడత పెట్టే ఉంది.

"అప్పన్నా, ఈసారి పిక్క మీద పన్ను గట్టిగా వేశారట. ఎవరో ఫోన్ చేసి చెప్పారు. హాల్లో చదివెయ్. ఈ ఏటికి రేటు లేదని చెప్పు."

నేను పేపరు విప్పలేదు. చంకలో పెట్టుకుని హాల్లోకి వెళ్లి, విప్పినట్టే విప్పి, చూసినట్టే చూసి, "పిక్క మీద పన్ను వేసీసినారు. ఫ్యాక్టరీకే పొట్టు తీసేస్తన్నారు, మన పొట్టు సంగతి వచ్చే ఏడు చూద్దాం" అని జోకేశాను. కొందరు నవ్వారు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. రేటు సంగతి అక్కడితో పోయింది.

మర్నాడు చిట్టెమ్మ అదే పేపరు పట్టుకుని వచ్చింది. వాళ్లమ్మాయి టెక్కలిలో ఇంటర్ చదువుతోంది.

"మావా, నిన్న నువ్వు సదివినావు కదా, ఆ జీడి మాట ఏ పేజీలో ఉంది? మా గుంట రాత్రంతా ఎతికినాది. దొరకనేదు."

పేపరు తీసుకున్నాను. మొదటి పేజీ చూశాను. మధ్య పేజీలు చూశాను. ఆఖరి పేజీలో క్రికెట్ కూడా చూశాను. జీడి అన్న రెండక్షరాలు ఎక్కడా లేవు. హాల్లో అందరి కళ్లూ నా మీద ఉన్నాయి, వేళ్లు కూడా ఆగిపోయాయి. ఏదో ఒక జోకు వేసి బయటపడదామనుకున్నాను. "మన జీడి అంత ఖరీదు కదా, పేపరువాళ్లు కొనలేకపోయుంటారు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

నవ్వించేవాడికి దీన్ని మించిన శిక్ష లేదు. నాలుగు రోజులు ఆ హాల్లో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. "మావా" అన్న మాట పోయి "మేస్త్రీగారూ" వచ్చింది. ఆ "గారు" వింటే ఒళ్లు మండేది. నా బల్ల మీద పుచ్చు పిక్కల డబ్బా చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్లు లారీల మీద ఒక్క మాట కోయకుండా చెప్పనివాణ్ణి, మనుషుల కూలి మీద చెప్పేశాను. షావుకారు చెప్పమన్నాడు అనొచ్చు. నోరు మాత్రం నాదే.

ఐదో రోజు హాల్లో నిలబడి చెప్పాను. "నేను చదివింది పేపర్లో లేదు. విప్పకుండానే చదివాను. తప్పు నాది."

చిట్టెమ్మ తల ఎత్తలేదు. "తెలుసు మావా. నీ నోటితో సెప్తావా నేదా అని సూత్తన్నాం." పొట్టు తీస్తూనే మళ్లీ అంది. "ఒక్క ఏడు సూత్తాను. వచ్చే బడ్జెట్టుకి కూడా ఇదే పాటైతే ఇశాపట్నం ఎల్లిపోతాను. అక్కడ ఇళ్లల్లో వంట పనికి పిలుత్తన్నారు. ఈ మనిషిని అక్కడి ఆసుపత్రిలో మిషను మీద ఎక్కించడానికి ఎన్ని తిప్పలు పడాలో, పిల్ల సదువు ఏటవుతాదో తెల్దు. ఎల్లాలని నేదు. కానీ ఇలాగ ఎన్నాళ్లు?"

షావుకారు దగ్గరికి కూడా వెళ్లాను. "పేపర్లో లేదు బాబూ" అన్నాను. "ఉండే ఉంటుందిలే, సరిగా చూడు" అన్నాడు. బడ్జెట్ అంటే ఆయనకీ అంతే తెలుసని అప్పుడర్థమైంది. పిక్క దగ్గర ఒక్కటి కూడా వదలకుండా కోయించే మనిషి, కూలి దగ్గర ఎవరో ఫోన్లో చెప్పిన మాట మీద లోడు దింపేసుకుంటున్నాడు.

ఆటోలో వచ్చే లోడు

ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో నేను ఒక్క పని చేశాను. ప్రతి శనివారం చిట్టెమ్మ పక్కన కూర్చుని ఆమె వారం కూలి ఎటెటు పోయిందో అడిగేవాణ్ణి. మొదట్లో తిట్టింది. "నా సంసారం నీకెందుకు మావా, రాసుకుని పేపర్లో ఏత్తావేటి?" అంది. ఎందుకో చెప్పాక తానే పిలిచి చెప్పడం మొదలుపెట్టింది.

బడ్జెట్ రోజు షావుకారు ఆఫీసు గదిలో టీవీ ముందు కూర్చున్నాడు. నేనూ గుమ్మంలో నిలబడి విన్నాను. లక్షల కోట్లు, వేల కోట్లు. అన్ని సున్నాలు ఒక చోట చూడడం నాకు అదే మొదలు. ఆయన నోట్లో తాంబూలం నమలడం ఆపి జీడి మాట కోసం చూశాడు. రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన గదికి వెళ్లాను.

"బాబూ, ఒక లోడు శాంపిల్ తీశాను. మీరొచ్చి చూడాలి."

"ఈరోజు లోడేదీ రాలేదే?"

"వచ్చింది బాబూ. రోజూ వస్తుంది. ఆటోలో."

ఆయన అనుమానంగా చూశాడు గానీ లేచాడు. శాంపిల్ అంటే ఆయన కాళ్లు తమంతట తామే లేస్తాయి. పొట్టు హాలు మధ్యలో నా బల్ల వేయించాను. ఆరు పళ్లేలు వరసగా పెట్టాను. ముందు సరిగ్గా వంద జీడిపిక్కలు కుప్ప పోశాను. చిట్టెమ్మని పక్కన నిలబెట్టాను.

"ఈ వంద పిక్కలూ చిట్టెమ్మ ఒక రోజు కూలి బాబూ. నూరు భాగాలు చేశాను. ఇప్పుడు కోస్తాను."

మొదటి పళ్లెంలో పద్దెనిమిది పిక్కలు లెక్కపెట్టి వేశాను. "రానుపోను ఆటో. ఇది చిప్ప. తినడానికి పనికిరాదు, లేకపోతే పిక్క రాదు." బియ్యం కార్డు మీద వస్తాయి కాబట్టి వాటికి పిక్క తీయలేదు. ఆ మాట కూడా పైకే చెప్పాను. సర్కారు ఇచ్చింది ఇచ్చినట్టే చెప్పాలి. రెండో పళ్లెంలో ముప్పై నాలుగు. పప్పు, నూనె, కూర, ఎప్పుడైనా ఇంత ఎండుచేప. మూడో దాంట్లో పదమూడు. గ్యాసు, కరెంటు. నాలుగో దాంట్లో ఇరవై ఒకటి. మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లి తేవడం, బయట కొనాల్సిన మందులు. ఐదో దాంట్లో పద్నాలుగు. పొదుపు సంఘంలో తీసుకున్న లోను.

బల్ల మీద కుప్ప లేదు. ఆఖరి పళ్లెం, మంచి పప్పు వేసే పళ్లెం, తళతళా మెరుస్తోంది. అందులో షావుకారు మొహం కనిపిస్తోంది.

ఆయన వంగి ప్రతి పళ్లెం లెక్క పెట్టుకున్నాడు. నాకు అలవాటైన వంగడమే అది. ముప్పై ఏళ్లు ఆ నడుము అలాగే వంగడం చూశాను. "ఫోను రీచార్జి ఏదీ?" అన్నాడు, తప్పు దొరికినట్టు.

"అదింకా కొయ్యనేదు బాబూ. పిక్కలు అయిపోనాయి" అంది చిట్టెమ్మ. "పిల్ల పుస్తకాలూ కొయ్యనేదు."

నేను ఎప్పుడూ అడిగే మాటే అడిగాను. "ఆఖరి పళ్లెం సున్నా బాబూ. లోడు వెనక్కి పంపేద్దామా?"

చిట్టెమ్మే అందుకుంది. "పంపక్కర్నేదు మావా. లోడు తనంతట తనే ఎల్లిపోతంది. బడ్జెట్టు నిన్ననే అయిపోనాది బాబూ. టీవీలో నానూ సూసినాను. ఇంక అడ్డమేటో మీరే సెప్పాల."

ఆయన శాంపిల్

నేననుకున్నది ఆయన విసురుగా వెళ్లిపోతాడని. ఇక్కడే మా షావుకారుని నేను తక్కువ అంచనా వేశాను. ఆయన పళ్లేల్లో పిక్కలన్నీ మళ్లీ కుప్ప పోయించాడు.

"ఒక పక్కే కోస్తే శాంపిల్ కాదు. నాదీ కొయ్యి. కిలో పప్పు అమ్మితే వచ్చేది ఈ వంద."

బల్ల చుట్టూ హాలంతా మూగింది. ఆయన చెప్తూంటే నేను వేశాను. పచ్చి పిక్కకి సగం పైనే పోయింది. కట్టెలు, కరెంటు, బ్యాంకు వడ్డీ, కోత కూలి, పొట్టు కూలి, లారీ బాడుగ. విరిగిన పప్పు తక్కువ ధరకి అమ్మే నష్టానికి నాలుగు పిక్కలు. ఆఖరి పళ్లెంలో ఆరు మిగిలాయి. హాల్లో చిన్న గొణుగుడు. వాళ్లు పాతికో ముప్పయ్యో ఉంటాయనుకున్నారు. నిజం చెప్తే నేనూ అంతే అనుకున్నాను. షావుకారు మొహంలో "చూశారా" అన్న వెలుగు వచ్చింది.

చిట్టెమ్మ మాత్రం విరిగిన పప్పు పళ్లెం మీద వేలు పెట్టింది.

"బాబూ, ఈ నాలుగు పిక్కలూ ఏటికి?"

"విరిగిన దానికి. నాకు నష్టం కదా."

"మరి ఇరిగినందుకు మా కూలిలో కోత్తన్నారు కదా. ఆ కోసినవి ఈ పళ్లెంలోకి తిరిగి రానేదేటి? ఒకే ముక్కకి మా దగ్గరా కోసి, ఇక్కడా కోసి, రెండు సార్లు కోతేటి బాబూ?"

పదిహేనేళ్లు ఆ కోత రాసినవాణ్ణి నేనే. ఒక్క రోజు కూడా నాకు తట్టలేదు. షావుకారు పళ్లెం వైపు చూశాడు, చిట్టెమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన ముందున్న దారులు రెండే. ముప్పై ఏళ్లు నాకు నేర్పిన మాట తప్పడమా, నాలుగు పిక్కలు వదలడమా.

"కోసింది దాచకూడదు" అన్నాను మెల్లగా.

"నా మాటే నాకు చెప్పకురా" అని కసిరాడు. కసురుతూనే ఆ నాలుగు పిక్కల్లో మూడు తీసి చిట్టెమ్మ ముందు పెట్టాడు. ఒకటి ఉంచుకున్నాడు. అది ఆయన బుద్ధి, మార్చలేం. "విరిగిన దానికి కోత ఇకమీద లేదు. రేటు కూడా కొంచెం చూస్తాను. ఒక్క షరతు. ఏటా ఇలాగే, నా ముందే కోయాలి. నాది కూడా."

అడిగిన రెండు రూపాయలూ రాలేదు. రూపాయి వచ్చింది, కోత పోయింది. చిట్టెమ్మ వంద పిక్కలు మళ్లీ కోస్తే ఆఖరి పళ్లెంలో నాలుగు మిగిలాయి. ఆమె వాటిని అరచేతిలో వేసుకుని ఊపి చూసింది, లారీలో వచ్చిన పిక్కల్ని ఊపి చూసినట్టు.

"ఈ ఏటికి ఉంటాను మావా. ఇశాపట్నం ఎక్కడికీ పోదు కదా."

ఆ సాయంత్రం గేటు దగ్గర ఎవరో "శాంపిల్ మావా" అని పిలిచారు. ఏడాదిగా మిగతావాళ్ల నోట్లో ఉన్న ఆ "గారు" పోయినందుకు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

చేరబోయేవాళ్లకి

నా పనంతటిలో నేను గర్వపడేది వెనక్కి పంపిన లారీలకి కాదు. ఆ ఆరు పళ్లేలకి. నాలుగు పిక్కలు పెద్ద గెలుపేమీ కాదని నాకు తెలుసు. ఆటో వాడు చార్జీ పెంచితే వాటిలో రెండు ఎగిరిపోతాయి. పేదరికం తగ్గిందని టీవీలో చెప్పినవాళ్లూ, పెరిగిందని అరిచినవాళ్లూ ఎవరూ మా హాలుకి వచ్చి సంచిలో మోచెయ్యి దించి చూడలేదు. అంత పెద్ద బడ్జెట్ మనకేం అర్థమవుతుందని భయపడకండి. కుప్ప ఎంత పెద్దదైనా నాలుగు చేసి, సగం పక్కన పెట్టి, మళ్లీ నాలుగు చేస్తూ పోతే చివరికి కిలో మిగులుతుంది. ఆ కిలోలో మీ పక్కన కూర్చుని పొట్టు తీసే మనిషి ఒక రోజు కూలి ఉంటుంది. దాన్ని కోయండి. ఒక్క పిక్క కూడా వదలకండి. షావుకారు ఫోన్లో విన్నది చదవమంటే, ముందు పేపరు విప్పండి.

నేను మానేసేటప్పుడు ఆరు పళ్లేలూ, పుచ్చు పిక్కల డబ్బా చిట్టెమ్మకిచ్చాను. ఇప్పుడు శాంపిల్ బల్ల దగ్గర కూర్చునేది ఆమే. బ్రోకర్లు మిఠాయి తెస్తున్నారట. తినడం లేదట. అదొక్కటే నా దగ్గర నేర్చుకోలేదు.

ఈ ఫిబ్రవరిలో బడ్జెట్ మర్నాడు పెరట్లో కొబ్బరి మట్టలు ఏరుతుంటే ఫోన్ మోగింది.

"మావా, పేపరంతా ఎతికినాం. ఈ ఏడూ జీడి నేదు."

"మరి మన లోడు?"

"కోసీసినాం. ఆఖరి పళ్లెంలో ఎన్నున్నాయో సెప్పుకో సూద్దాం?"

నోటి దాకా ఒక అంకె వచ్చింది. ఆపుకున్నాను.

"కోయకుండా నేను చెప్పనే."

ఫోన్ లౌడ్‌స్పీకర్‌లో పెట్టినట్టుంది. హాలంతా ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు ఆగే దాకా ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

"ఏడు మావా. నిరుడు ఆరు" అంది చిట్టెమ్మ.

"లోడు వెనక్కా?"

"దింపుకున్నాం."